బోర్లించిన కుండ

శుభవార్త వచ్చేసరికి సునందుడి నోట్లో ముద్ద ఉంది.

అది వకుళ స్వయంగా కలిపిన పులిహోర ముద్ద. పెళ్ళై ఇరవై రెండు రోజులే అయింది కనుక, వంటలో ఉప్పు సరిపోయిందా లేదా అన్న ప్రశ్న ఆ ఇంట్లో ఇంకా పుట్టలేదు. సునందుడు కళ్ళు మూసుకుని, తల ఊపి, "అమృతం!" అన్నాడు. వకుళ విసనకర్ర వెనక మొహం దాచుకుని, ఆ చాటునుంచే ఇంకో గరిటెడు వడ్డించింది.

సరిగ్గా అప్పుడే వీధిలో గుర్రపు డెక్కలు టకటకలాడాయి. గుమ్మం ముందు ఒక రాజభటుడు దిగి, బూర ఊది, ఇరుగుపొరుగు గోడలెక్కి చూస్తుండగా పట్టుగుడ్డ విప్పి చదివాడు.

"కనకశృంగ రాజ్యాధీశులు ఉదారసేన మహారాజులవారు రాజధానిలోని పెద్దసత్రం లేఖకుడు సునందుడికి తెలియజేయడం ఏమనగా! యువరాణి చిత్రవేణీదేవివారి రుచియాత్రకు నలభైమంది పండితులు దారులు రాసి సమర్పించగా, నీ పుస్తకాన్నే ప్రభువులు మెచ్చినారు. నువ్వే ముందు నడిచి దారి చూపాలి. నీ భార్యనూ వెంట తీసుకురావచ్చు. ఎల్లుండి ఉదయమే ప్రయాణం!"

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. పట్టాభిషేకానికి ముందు యువరాజైనా యువరాణైనా రాజ్యమంతా విహారంగా తిరిగి రావాలి. ఏ సీమలో పండుగ జరుగుతుంటే ఆ సీమకు వెళ్ళాలి. ఆ ఊరివాళ్ళ బంతిలో నేలమీద కూర్చుని, వాళ్ళ ఆకులో వాళ్ళు పెట్టిందే తిని, వాళ్ళ ముంతలో వాళ్ళు పోసిందే తాగాలి. ప్రజల తిండి ఎరగని వాళ్ళకు సింహాసనం ఎక్కే అర్హత లేదని ఆ వంశానికి మూలపురుషుడు శాసనం చెక్కించాడు.

భటుడు వెళ్ళగానే వకుళ గాజులు గలగలలాడేలా చప్పట్లు కొట్టి, నట్టింట్లో గిర్రున తిరిగింది.

"ఏమండీ! మనం ఉప్పుపల్లె వెళ్తామా? మీరు పీతల పులుసు తిని వేళ్ళు నాకడం మరిచిపోయి అలలు చూస్తూ నిలబడిపోయారే, ఆ ఊరు!"

సునందుడి నోట్లో ముద్ద దిగలేదు. "వెళ్తాం," అన్నాడు నీళ్ళు తాగి.

ఎందుకు దిగలేదంటే, సునందుడు పుట్టి బుద్ధెరిగాక రాజధాని కోట కందకం దాటి అవతల కాలు పెట్టలేదు. పెద్దసత్రంలో దిగే వర్తకులు, యాత్రికులు, గారడీవాళ్ళు భోజనాలయ్యాక చెప్పుకునే కబుర్లు వింటూ రాసుకోవడం అతని ఉద్యోగం. విన్నంతవరకు విన్నట్లే రాశాడు. చెప్పేవాడు సగంలో బండెక్కి వెళ్ళిపోతే మిగతా సగం తనే కల్పించి పూర్తి చేశాడు. ఆ పూర్తి చేసిన సగాలే ఎక్కువ అందంగా వచ్చేవి. పెళ్ళిచూపుల్లో కాబోయే మామగారు, "ఎన్ని ఊళ్ళు తిరిగావు నాయనా?" అని అడిగితే, "తిరగని ఊరు మీరే చెప్పండి మామగారూ!" అనేశాడు. తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. ఆ గలగలలోనే అతని నోరు ఆ అబద్ధానికి కట్టుబడిపోయింది.

మూడోనాడు తెల్లవారగానే ప్రయాణం సాగింది. ముందు మువ్వల గుర్రాలు, వెనక ముత్యాల జాలరు కట్టిన యువరాణి పల్లకి, ఆ వెనక వింజామరలు, గొడుగులు, వంటపాత్రల బళ్ళు. చిత్రవేణికి పల్లకిలో కూర్చోవడమంటే ఒళ్ళుమంట. ఆమె కోట దాటగానే పల్లకి దిగేసి, జడ నడుముకు చుట్టుకుని, గుర్రమెక్కింది. సునందుడి పుస్తకాన్ని ఎర్రని పట్టుసంచిలో వేసి మొలకు కట్టుకుంది. అడుగడుక్కీ దాన్ని విప్పి చదివేది.

"సునందా! 'మొసళ్ళ ఏటిమీద తేనెరంగు రాతివంతెన మీద నిలబడి వేయించిన మొక్కజొన్న తింటే స్వర్గం వేరే లేదు' అని రాశావు. ఎంత బాగా రాశావయ్యా!"

ఏటి దగ్గరకు వెళ్తే వంతెన లేదు. నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. ఒడ్డున పడవవాడు చుట్ట కాలుస్తున్నాడు.

"వరదకు కొట్టుకుపోయి ఉంటుంది," అన్నాడు సునందుడు, చెవులు వేడెక్కుతుండగా.

"వంతెనా?" అన్నాడు పడవవాడు. "మా తాత పుట్టకముందు నుంచీ ఇక్కడ పడవే దొరా! రాయి వేస్తే మొసలి మింగుతుంది, వంతెనెవరు కడతారు?"

చిత్రవేణి ఫక్కున నవ్వింది. "కవి అన్నాక ఒక వంతెన కట్టుకోకూడదా!" అని పడవలోకి దూకింది. నడి ఏట్లో పడవంత మొసలి నీళ్ళు చీల్చుకుని లేచి, పడవ అంచు కొరికింది. వకుళ చేతిలోని పులిహోర డబ్బా మూతతో దాని ముక్కుమీద ఒక్కటిచ్చింది. చిత్రవేణి బల్లెం ఎత్తింది. పడవవాడు తెడ్డు దాని నోట్లో అడ్డంగా దింపాడు. మొసలి తెడ్డు నములుతూ మునిగిపోయింది. అరిచేతులతో నీళ్ళు తోసుకుంటూ అందరూ ఒడ్డెక్కారు. వకుళ చెంగు పిండుకుంటూ పకపకా నవ్వుతోంది. సునందుడు మాత్రం నవ్వలేకపోయాడు. లేని వంతెన ఒకటి అతని గుండెమీద బరువుగా నిలబడింది.

ఏడోనాటి మధ్యాహ్నానికి వాళ్ళు ఇప్పవనం చేరారు.

ఆ ఊరి అందం చూడాలంటే ఆ వేళే చూడాలి. కొండవాలంతా ఇప్పచెట్లు. నేలమీద పసుపుతెల్లని పూలు తివాచీలా పరుచుకున్నాయి. గాలికి తీపి పట్టినట్టుంది. ప్రతి గడపకూ ఎర్రమట్టి పట్టెలు, వాటిమీద తెల్లని పిండిచుక్కలు, గడప పక్కన అప్పుడే కుమ్మరి ఆవంలో కాల్చి తీసిన కొత్తకుండ. అది కొత్తకుండ పండుగ. ఇప్పపూలు, తాటిబెల్లం, శొంఠి కలిపి కాచి చల్లార్చిన పానకం ఆ కుండల్లో నురుగుతో తొణుకుతోంది. అరిటాకుల్లో సామబియ్యపు పొంగలి, వెదురుకొమ్ముల పచ్చడి, నిప్పులమీద కాల్చిన చిలగడదుంపలు. డప్పులు మోగుతుంటే ఆడవాళ్ళు కుండలు నెత్తిన పెట్టుకుని వలయాలుగా తిరుగుతున్నారు. ఊరికి ఉత్తరాన ఒకే ఒక్క కొండ నల్లగా, శిఖరం మీద పొగ చుట్టుకుని ఉంది. డప్పు కొట్టేవాళ్ళెవ్వరూ అటు మొహం తిప్పడం లేదు.

ఊరిపెద్ద సోమాలమ్మ ఎదురొచ్చింది. డెబ్భై ఏళ్ళ మనిషి, చేతులకు మోచేతుల దాకా కంచుకడియాలు. యువరాణి గడ్డం పట్టుకుని, "ఎండకు వాడిపోయావు తల్లీ, రా, కూకో," అని తన గడప ముందు పరిచిన బంతిలోకి లాక్కెళ్ళింది. యువరాణి గుప్పెడు పొంగలి నోట్లో పెట్టుకుని, "అబ్బ!" అంది. పక్కన వకుళ రెండోసారి పచ్చడి వేయించుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ మూడోసారి ఆకు చూపించింది.

తరవాత పానకం వచ్చింది. సోమాలమ్మ కుండ చేతికిచ్చి ఏదో చెప్పబోయింది. ఇంతలో డప్పులవాళ్ళు తోరణం దగ్గర పోట్లాడుకుంటే విడదీయడానికి పరుగెత్తింది.

చిత్రవేణి పట్టుసంచి విప్పింది. "సునందా, ఇక్కడేం రాశావో చూద్దాం. 'పానకాన్ని ఆఖరి చుక్క వరకూ తాగి, కుండను గడప మీద బోర్లించాలి. అతిథి అంత ఇష్టంగా తాగినందుకు ఆ ఇంటివారి ఆనందానికి అవధులుండవు.' చక్కని ఆచారం!"

సునందుడికి గుర్తొచ్చింది. ఈ పండుగ గురించి చెప్పింది ఒక ఉప్పు వర్తకుడు. "కుండ చేతికిస్తారు, తాగుతాం, ఆ తరవాత..." అంటుండగా బండివాళ్ళు పిలిస్తే లేచి వెళ్ళిపోయాడు. ఆ తరవాత ఏమిటో సునందుడికి తెలియదు. బోర్లించడమన్నది అతని సొంత ముగింపు.

'ఆగండి' అన్న మాట నాలుక చివరదాకా వచ్చింది. అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే వకుళ వింటుంది. ఎడమపక్కనే కూర్చుని, పచ్చడికి ఎర్రబడ్డ కళ్ళతో తనవంకే గర్వంగా చూస్తోంది. సునందుడు నోరు మూసుకున్నాడు.

చిత్రవేణి గటగటా తాగింది. ఆఖరి చుక్క అరిచేతిలో పోసుకుని నాకింది. కుండను గడప మీద ఠక్కున బోర్లించింది.

డప్పులు ఆగిపోయాయి.

"ఎవరు?" అని సోమాలమ్మ కేక పెట్టింది. "ఎవరు బోర్లించారు? ఎత్తండి! ఎత్తండర్రా!"

ఎవరూ కదిలేలోపలే కుండ కింద నుంచి సన్నగా నల్లని పొగ పాకింది. అది తీగయింది, తీగ పామయింది, పాము చూస్తుండగానే తాటిచెట్టంత చెయ్యయింది. అయిదు వేళ్ళూ విప్పి యువరాణిని నడుము పట్టి ఎత్తేసింది. భటులు విసిరిన బల్లేలు పొగలోంచి దూరి అవతల పడ్డాయి. సునందుడు ఎగిరి పట్టుకోబోయాడు. అతని గుప్పెట్లో మసి మాత్రం మిగిలింది.

ఆకాశంలోంచి చిత్రవేణి గొంతు వినిపించింది. అంత ఎత్తున కూడా ఆమె వణకలేదు.

"భయపడకండి! సునందుడి పుస్తకం నా దగ్గరే ఉంది! ఏమైనా దానిలో చూసుకుంటాను!"

ఆ మాటకన్నా ఒక బల్లెం వచ్చి దిగినా సునందుడు ఓర్చుకునేవాడు. పొగ చెయ్యి ఉత్తరపు నల్లకొండ వైపు సాగిపోయింది. అతను సోమాలమ్మ చెప్పేది వినకుండానే తమ గుర్రమెక్కాడు. "నన్ను వదిలి ఎక్కడికి?" అంటూ వకుళ వెనక ఎక్కి కూర్చుంది. గుర్రం ముళ్ళకంచెలు దూకింది, ఎండిన వాగు దాటింది, జారుడు బండలమీద నిప్పులు చిమ్ముతూ నల్లకొండ ఎక్కింది.

కొండ కొసన కోట. గోడలు రాతివి కావు, కుండలవి! చిన్నవి, పెద్దవి, మెడ సన్ననివి, పొట్ట లావువి, లక్షల కుండలు ఒకదానిమీదొకటి పేర్చి మట్టితో మెత్తారు. గాలి వీస్తే వాటి మూతులన్నీ కలిసి మూలిగినట్టు చప్పుడు. ద్వారానికి రెండువైపులా మనిషెత్తు రాతిచిలుకలు ఉన్నాయి. సునందుడు దిగగానే వాటి కళ్ళు తెరుచుకున్నాయి.

"లోపలికి పోవాలంటే నువ్వు తిన్న రుచి ఒకటి చెప్పు," అంది కుడిచిలుక.

"చెప్పినది నిజమైతే తలుపు తెరుస్తాం," అంది ఎడమచిలుక.

ఇంతేనా అనుకున్నాడు సునందుడు. ఏడు రోజులుగా దారిలో తిన్నవి ఎన్నో ఉన్నాయి. ఇందాకటి పొంగలి ఇంకా పళ్ళ సందునే ఉంది. కానీ తొందరలో నోటికి అలవాటైన వాక్యమే నోటికొచ్చింది.

"ఉప్పుపల్లెలో పీతల పులుసు తిన్నాను! చింతచిగురు పులుపు, మిరియపు ఘాటు, వేళ్ళు నాకడం మరిచిపోయి అలలు చూస్తూ..."

"అబద్ధం!" అన్నాయి రెండు చిలుకలూ ఒక్క గొంతుతో. "ఈ మనిషి ఉప్పుపల్లె చూడలేదు. పీతను తినలేదు. అలను ఎరగడు."

సునందుడి కుడిచెయ్యి చల్లబడింది. చూస్తుండగానే గోళ్ళు ఎర్రబడ్డాయి, వేళ్ళు బిగిశాయి, మణికట్టు దాకా చెయ్యంతా కాల్చిన మట్టయిపోయింది. రాసే చెయ్యి! గుర్రపు కళ్ళెం తగిలి అది ఖంగుమంది.

వకుళ గుర్రంమీద నుంచి అంతా విన్నది. కిందికి వంగి, అతని భుజం పట్టి పైకి లాక్కుని, గుర్రాన్ని వెనక్కి తిప్పింది. దారి పొడుగునా ఒక్క మాట లేదు. ముప్ఫై రోజుల కాపురంలో ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి. ఆమె వీపు వెనక కూర్చుని, మట్టిచెయ్యి ఉత్తరీయంలో దాచుకుని, సునందుడు కొండ దిగాడు.

ఊరంతా గడపల ముందు నిలబడి ఉంది. అతను దిగి, సోమాలమ్మ ఎదుట మోకాళ్ళమీద కూర్చున్నాడు. ఉత్తరీయం తీసేసి చెయ్యి అందరికీ కనపడేలా చాచాడు.

"అమ్మా, నేను ఈ ఊరికి ఎప్పుడూ రాలేదు. ఏ ఊరికీ వెళ్ళలేదు. కుండ బోర్లించమని రాసింది నేనే. తెలియదు అని రాయడానికి సిగ్గుపడ్డాను. ఇందాక బంతిలో నోరు విప్పి ఉంటే ఆపగలిగేవాణ్ణి. అప్పుడూ సిగ్గుపడ్డాను."

చెప్పింది సోమాలమ్మకైనా చూపు వకుళ వైపే పోతోంది. వకుళ గుర్రం మెడ నిమురుతూ అటు తిరిగి ఉంది.

సోమాలమ్మ అతని మట్టిచెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "తిట్టడానికి పొద్దు లేదు, కాబట్టి బతికిపోయావు," అంది. "ఇను. మా కుండలో ఆఖరి గుక్క ఎవరూ తాగం. అది కొండతల్లిది. ఆ గుక్క కుండలో ఉన్నంతకాలం ఆ మాయావి పొగ ఈ గడప తొక్కదు. వాడి పేరు ఘటదంష్ట్రుడు. ఎప్పుడో మా తాతల నాడు తల్లి గుక్క దొంగిలించి తాగాడు. తల్లి వాడి నాలిక మీద రుచి తీసేసింది. తేనె పోసినా బూడిదే వాడికి. అందుకని మనుషుల్ని ఎత్తుకెళ్ళి ఎదురుగా కూకోబెట్టి, 'తిన్నది చెప్పు' అంటాడు. నిజం చెబితే ఆ రుచి వాడి నాలికమీద ఒక్క క్షణం ఆడుద్ది, ఆ మనిషిని వదిలేస్తాడు. అబద్ధం చెబితే..." ఆమె కొండ వైపు చెయ్యి చూపింది. "చూశావుగా, గోడలు."

సునందుడికి ఆ కుండల మూలుగు మళ్ళీ వినిపించింది.

"ఎప్పుడు అడుగుతాడు?"

"రేపు పొద్దు గూకే వేళ కొలువు. యువరాణికేం, తెలివైన పిల్ల. తిన్నదే చెప్పుద్ది."

"చెప్పదమ్మా," అన్నాడు సునందుడు. "పుస్తకం చూసి చెబుతుంది. తన మాటకన్నా నా రాత అందంగా ఉంటుందని ఆమె నమ్మకం. మాయావిని మెప్పించడానికి అందులో అన్నిటికన్నా బాగున్న పేజీ వెతుకుతుంది. బాగున్నవన్నీ నేను కల్పించినవే."

ఎవరో ఆడమనిషి ముక్కు చీదింది.

అప్పుడు వకుళ కదిలింది. గుర్రం జీనుకు కట్టిన డబ్బా విప్పుకుని వచ్చి, సునందుడి ఎదురుగా నేలమీద కూర్చుంది. మొసలిని కొట్టి సొట్టపోయిన మూత బలంగా తీసింది. పొద్దుట బస దిగినచోట కలిపిన పులిహోర ఉంది లోపల. ఒక ముద్ద చేసి అతని నోట్లో పెట్టింది.

"ఎలా ఉంది?"

"వకుళా..."

"ఎలా ఉందో చెప్పండి. ముప్ఫై రోజులుగా అమృతమే కదా. ఇప్పుడు చెప్పండి."

సునందుడు నమిలాడు. మొదటిసారి నిజంగా నమిలాడు. ఊరంతా చూస్తోంది. ముద్ద మింగి, తల దించుకుని, "చింతపండు ఎక్కువైంది," అన్నాడు. "ఉప్పు వెయ్యడం మరిచిపోయావు. ఇంగువ మాత్రం..." కొంచెం ఆగాడు. "ఇంగువ చాలా బాగుంది."

మట్టిచేతిలో చిటుక్కుమని చప్పుడైంది. చిటికెనవేలి మీద పెంకు పగిలి రాలింది. లోపల గులాబిరంగు వేలు, పుట్టినప్పటి గోటితో సహా కదిలింది.

ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. వకుళ ఆ వేలు పట్టుకుని చూసింది. ఆమె పెదవి వణికింది. అది నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"ఉప్పు లేదా?" అంది.

"లేదు."

"రోజూ?"

"చాలా రోజులు."

"నేనూ తింటూనే ఉన్నాను కదండీ! మీరు అమృతమంటుంటే నా నాలుకకే ఏదో అయిందనుకున్నాను!" అంటూ అతని భుజంమీద ఒక్కటి వేసింది. సోమాలమ్మ కంచుకడియాలు మోగేలా నవ్వింది. సునందుడికి నవ్వు రాలేదు. కానీ ఆ దెబ్బ తగిలినచోట కొంచెం వెచ్చగా అనిపించింది.

వకుళ లేచి, చెంగు బిగించి, వరసగా ఉన్న కుండలవైపు చూసింది.

"అవ్వా, ఆ కోట గోడలు కుండలే కదా. మనుషులు దొరకనప్పుడు, పగిలిన చోట్ల పెట్టడానికి మామూలు కుండలు ఎవరు పంపుతారు?"

"మేమే. పండుగ రెండోనాడు బండెడు పంపకపోతే గడప దాటలేకపోయినా మా చేల మీద పొగ దింపుతాడు. రేపే పంపాలి. తోలడానికి ఎవరికీ గుండె చాలక చీట్లు వేస్తాం."

"చీట్లు వద్దు. రేపు పొద్దు పొడవగానే ఆ బండి నేను తోలుతాను," అంది వకుళ. "కుమ్మరామె వేషం కట్టించండి. ధాన్యం పోసుకునే పెద్ద కాగు ఒకటి బండిలో పెట్టండి. అందులో ఈయన కూర్చుంటారు. మట్టిచెయ్యి బయటికి పెడితే కాగు పిడి అనుకుంటారు. చిలుకలు నన్ను అడుగుతాయి. అడగనివ్వండి, నా దగ్గర నిజమైన రుచి ఒకటి సిద్ధంగా ఉంది. 'నేను కలిపిన పులిహోర, చింతపండు ఎక్కువ, ఉప్పు లేదు' అంటాను. తలుపు తెరుచుకుంటుంది. పొద్దు గూకకముందే యువరాణి దగ్గరకు చేరతాం."

"చేరాక?" అన్నాడు సునందుడు. జవాబు అతనికి తెలుసు. అయినా ఆమె నోట వినాలని అడిగాడు.

వకుళ అతని చిటికెనవేలిని తన చిటికెనవేలితో ముడేసి పట్టుకుంది.

"చేరాక నేనేం మాట్లాడను. మాయావి కొలువులో, అందరి ఎదుట, 'అమ్మా, ఆ పుస్తకం అబద్ధం, మూసేయండి' అని చెప్పేది మీరే."